సూపర్‌సిమెట్రీ ఉన్న స్పిన్ గొలుసులో భూస్థాయి శక్తి సున్నా కావాలా?

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి కాబట్టి ముందుగా వాటిని విడదీసి చెబుతాను. మీరు అమలాపురంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం ప్రాజెక్టు కోసం సూపర్‌సిమెట్రిక్ టీ-జే నమూనాను (వరుసగా పేర్చిన స్థానాల మధ్య ఎలక్ట్రాన్లు దూకుతూ, పక్కవాటితో స్పిన్ మార్చుకునే గొలుసును) ఆరు స్థానాల వలయం మీద కంప్యూటర్‌తో లెక్క కట్టారు. సూపర్‌సిమెట్రీ, అంటే బోసాన్, ఫెర్మియాన్ అనే రెండు రకాల కణ స్థితులను కలిపే సౌష్ఠవం, ఉన్న వ్యవస్థలో శక్తి ఎప్పుడూ రుణాత్మకం కాదని పుస్తకంలో చదివారు, కానీ మీకు భూస్థాయి శక్తి, అంటే వ్యవస్థకు ఉండగల అతి తక్కువ శక్తి, రుణాత్మకంగా వచ్చింది. ప్రోగ్రాంలో తప్పు ఉందేమోనన్నది మీ మొదటి సందేహం. ఈ గొలుసులను ఖచ్చితంగా సాధించగలగడానికి, అంటే వాటి ఇంటిగ్రబిలిటీకి, కారణం సూపర్‌సిమెట్రీయేనా అన్నది రెండవది.

రుణాత్మక శక్తి రావడం వల్ల మాత్రమే ప్రోగ్రాం తప్పని అనుకోనవసరం లేదు. రెండవ ప్రశ్నకు నా సమాధానం కాదనే. ఈ రెండు గందరగోళాలకూ మూలం ఒక్కటే. స్పిన్ గొలుసుల విషయంలో సూపర్‌సిమెట్రీ అనే పేరు కింద రెండు వేర్వేరు గణిత నిర్మాణాలు తిరుగుతున్నాయి. మీరు చదివిన సిద్ధాంతం ఒకదానిది, మీరు లెక్కించిన నమూనా ఇంకొకదానిది.

మొదటి నిర్మాణంలో గొలుసులోని ప్రతి స్థానం కొన్ని బోసాన్ స్థితులలోనూ కొన్ని ఫెర్మియాన్ స్థితులలోనూ ఉండగలదు. పక్కపక్కనున్న రెండు స్థానాల స్థితులను తారుమారు చేసే ఆపరేటర్‌ను తీసుకుని, తారుమారయ్యే రెండూ ఫెర్మియాన్లయితే ఒక రుణ గుర్తు చేర్చండి. దీన్ని గ్రేడెడ్ మార్పిడి అంటారు. వలయమంతటా ఈ మార్పిడుల మొత్తాన్ని హామిల్టోనియన్‌గా, అంటే శక్తిని ఇచ్చే ఆపరేటర్‌గా, తీసుకుంటే, బోసాన్‌ను ఫెర్మియాన్‌గా, ఫెర్మియాన్‌ను బోసాన్‌గా మార్చే ఆపరేటర్లు దానితో కమ్యూట్ అవుతాయి, అంటే రెండింటిలో ఏది ముందు ప్రయోగించినా ఫలితం ఒకటే. ఇటువంటి బహుళ జాతుల గొలుసులను సదర్లాండ్ 1975లో సాధించారు. ఇక్కడ సూపర్‌సిమెట్రీ అంటే స్పిన్ భ్రమణ సౌష్ఠవం వంటి ఒక అంతర్గత సౌష్ఠవమే. కాకపోతే దాని బీజగణితం లై బీజగణితం కాదు, జీఎల్(ఎం|ఎన్) అనే లై సూపర్ బీజగణితం.

రెండవ నిర్మాణంలో హామిల్టోనియనే సూపర్‌చార్జీల నుంచి, అంటే బోసాన్, ఫెర్మియాన్ స్థితులను ఒకదాన్నుంచి మరొకదానికి మార్చే ఆపరేటర్ల నుంచి, పుడుతుంది. క్యూ అనే ఆపరేటర్‌ను రెండుసార్లు ప్రయోగిస్తే సున్నా వస్తుంది, హామిల్టోనియన్ రూపం ఇలా ఉంటుంది:

హెచ్ = క్యూ·క్యూ† + క్యూ†·క్యూ

ఇందులో క్యూ† అంటే క్యూకు హెర్మీషియన్ సంయుగ్మం. శక్తి రుణాత్మకం కాదన్న సిద్ధాంతం ఈ సమీకరణం నుంచే వస్తుంది. ఏ స్థితిలోనైనా హెచ్ సగటు విలువ రెండు వర్గాల మొత్తం అవుతుంది, వర్గాల మొత్తం సున్నాకు దిగువకు పోదు. మొదటి నిర్మాణంలో అసలు ఈ సమీకరణమే లేదు కాబట్టి సిద్ధాంతానికి అక్కడ పట్టు లేదు.

మూడు స్థానాల వలయం మీద రెండింటినీ కాగితంపైనే పోల్చవచ్చు. వానాకాలం రాత్రుల్లో మన డెల్టాలో కరెంటు పోయినా ఈ లెక్క ఆగదు.

మొదట జీఎల్(1|1) గొలుసు తీసుకోండి. ప్రతి స్థానం ఖాళీగా ఉంటుంది, లేదా అక్కడ ఒక ఫెర్మియాన్ ఉంటుంది. ఖాళీ స్థానాన్ని బోసాన్‌గా లెక్కించాలి. గ్రేడెడ్ మార్పిడిని రాసి చూస్తే అది ఫెర్మియాన్ పక్క స్థానానికి దూకే పదం, ఒకటి అనే స్థిరాంకం, రెండు స్థానాల ఫెర్మియాన్ సంఖ్యలను తీసివేసే పదం, ఈ మూడింటి మొత్తమే. అంటే ఇది స్వేచ్ఛా ఫెర్మియాన్ల వ్యవస్థ, ఇందులో పరస్పర చర్య అనేదే లేదు. స్థానాల సంఖ్యలోంచి మార్పిడుల మొత్తాన్ని తీసివేసి దాన్ని హామిల్టోనియన్‌గా పెట్టుకుంటే, కె ద్రవ్యవేగం గల ఫెర్మియాన్ శక్తి 2 − 2కాస్(కె) అవుతుంది. మూడు స్థానాలకు ఏక కణ శక్తులు 0, 3, 3. మొత్తం ఎనిమిది స్థితులలో రెండింటి శక్తి 0, నాలుగింటి శక్తి 3, రెండింటి శక్తి 6. ద్రవ్యవేగం సున్నాగా ఉన్న ఫెర్మియాన్‌ను చేర్చడానికి శక్తి ఖర్చు కాదు కాబట్టి ప్రతి స్థాయిలోనూ స్థితులు జంటలుగా ఉంటాయి, సున్నా శక్తి స్థాయి కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆ ఫెర్మియాన్‌ను చేర్చే ఆపరేటరే ఇక్కడి సూపర్‌చార్జీ. దాని యాంటీ కమ్యుటేటర్‌ను, అంటే దాన్నీ దాని సంయుగ్మాన్నీ రెండు వరుసల్లోనూ గుణించి కలిపిన మొత్తాన్ని, లెక్కిస్తే హామిల్టోనియన్ రాదు, 3 వస్తుంది, అంటే స్థానాల సంఖ్య. మొదటి నిర్మాణం స్వభావమంతా ఈ చిన్న ఫలితంలో ఉంది. సూపర్‌చార్జీలను కలిపి పిండితే సంఖ్యలు, స్పిన్‌లు వస్తాయి కానీ శక్తి రాదు.

ఇప్పుడు రెండవది. ఇక్కడ పక్కపక్కనున్న రెండు స్థానాలలో ఒకేసారి ఫెర్మియాన్లు ఉండకూడదన్నది నియమం. రెండు పక్కలా ఖాళీ ఉన్న స్థానంలో ఒక ఫెర్మియాన్‌ను సృష్టించే ఆపరేటర్లన్నింటి మొత్తమే క్యూ. పాల్ ఫెండ్లీ, కరెల్‌యాన్ స్కూటెన్స్, యాన్ డె బూర్ 2003లో ప్రతిపాదించిన నమూనా ఇది. మూడు స్థానాల వలయంలో నాలుగే స్థితులు ఉంటాయి, ఒకటి ఖాళీ స్థితి, మిగిలిన మూడింటిలో ఒక్కో ఫెర్మియాన్ ఉంటుంది. ఖాళీ స్థితి శక్తి 3. ఒక ఫెర్మియాన్ గల స్థితులపై హామిల్టోనియన్ అన్ని అంశాలూ ఒకట్లే ఉన్న మూడు వరుసల మాత్రిక, దాని ఐగెన్ విలువలు 3, 0, 0. శక్తి 3 ఉన్న రెండు స్థితులు ఒక బోసాన్, ఒక ఫెర్మియాన్ జంటగా కుదురుతాయి. సున్నా శక్తి గల రెండింటికి మాత్రం జోడీ లేదు, రెండూ ఒకే రకానికి చెందినవి. బోసాన్ స్థితుల సంఖ్యలోంచి ఫెర్మియాన్ స్థితుల సంఖ్యను తీసివేస్తే −2 వస్తుంది. విట్టెన్ 1982లో ప్రవేశపెట్టిన సూచిక ఇదే. నాలుగు, ఐదు, ఆరు స్థానాలకు ఈ సూచిక వరుసగా −1, 1, 2. హామిల్టోనియన్‌ను తాకకుండా, కేవలం స్థితులను లెక్కపెట్టి, భూస్థాయి శక్తి కచ్చితంగా సున్నా అని చెప్పగలగడం ఈ నిర్మాణపు బలం. జీఎల్(1|1) గొలుసులో అదే సూచిక సున్నా, కాబట్టి అది మనకు ఏమీ చెప్పదు.

రెండింటిలోనూ భూస్థాయి శక్తి 0 గానే వచ్చిందని మీరు అడగవచ్చు. జీఎల్(1|1)లో ఆ సున్నా మనం ఎంచుకున్న స్థిరాంకం వల్ల వచ్చింది. నమూనా ఏ రకానిదో తేల్చుకోవడానికి నేను విద్యార్థులకు చెప్పే పరీక్ష సులభమైనది: హామిల్టోనియన్ గుర్తు తిప్పి చూడండి. మొదటి నిర్మాణంలో గుర్తు తిప్పినా సౌష్ఠవం చెక్కుచెదరదు, జంటలూ అలాగే ఉంటాయి. రెండవ నిర్మాణంలో గుర్తు తిప్పితే అది ఇక యాంటీ కమ్యుటేటర్ కాదు, శక్తికి సున్నా అన్న కింది హద్దు పోతుంది.

ఇక మీ టీ-జే నమూనా. దూకుడు గుణకం టీ, స్పిన్ మార్పిడి గుణకం జే అయితే, జే విలువ టీకి రెట్టింపుగా ఉన్నప్పుడు మాత్రమే సూపర్‌సిమెట్రీ వస్తుంది. ఒక్కో స్థానానికి మూడు స్థితులు: ఖాళీ, పై స్పిన్ ఎలక్ట్రాన్, కింది స్పిన్ ఎలక్ట్రాన్. ఆరు స్థానాలకు 729 స్థితులు, మామూలు ల్యాప్‌టాప్‌కు ఇది పని కూడా కాదు. టీని ఒకటిగా, హామిల్టోనియన్‌లోని స్పిన్ పదాన్ని స్పిన్‌ల అదిశా లబ్ధంలోంచి ఎలక్ట్రాన్ సంఖ్యల లబ్ధంలో నాలుగవ వంతు తీసివేసిన రూపంలో తీసుకోండి. అప్పుడు పక్కపక్కనున్న రెండు ఎలక్ట్రాన్ల సింగ్లెట్‌కు (మొత్తం స్పిన్ 0) −2, ట్రిప్లెట్‌కు (మొత్తం స్పిన్ 1) 0 వస్తాయి. కొద్దిసేపు లెక్క చేస్తే తేలేది ఇది: గ్రేడెడ్ మార్పిడుల మొత్తానికి రుణ గుర్తు పెడితే వచ్చేది టీ-జే హామిల్టోనియన్ ఒక్కటే కాదు, దానికి ఒక్కో ఎలక్ట్రాన్‌కు 2 చొప్పున కలిపి స్థానాల సంఖ్యను తీసివేసిన రూపం. కాబట్టి సూపర్‌చార్జీలతో కమ్యూట్ అయ్యేది ఆ చేర్పుతో కూడిన హామిల్టోనియన్. చేర్పు లేకుండా చూస్తే ఒకే కుటుంబానికి చెందిన, అంటే సూపర్‌చార్జీలు ఒకదానితో ఒకటి కలిపే, స్థాయిలు ఎలక్ట్రాన్ సంఖ్య ఒకటి మారినప్పుడల్లా 2 చొప్పున ఎడంగా కనిపిస్తాయి. మీ ఫలితాలలో సూపర్‌సిమెట్రీ జాడే కనిపించడం లేదని మీరు రాసినదానికి ఇదే కారణమై ఉంటుందని నా అంచనా. ఆ పదం కలిపి మళ్లీ నడపండి.

అప్పటికీ కుటుంబాలు కుదరకపోతే వలయం అంచును చూడండి. ఆరవ స్థానం నుంచి ఒకటవ స్థానానికి ఎలక్ట్రాన్ దూకినప్పుడు అది మిగిలిన ఎలక్ట్రాన్లన్నింటినీ దాటినట్టే లెక్క, ఒక్కొక్కటి దాటినందుకు ఒక్కో రుణ గుర్తు రావాలి. స్థితులను స్పిన్‌లుగా కోడ్ చేసుకుని ఈ గుర్తును మరచిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. గొలుసు మధ్యలో అంతా సరిగ్గానే ఉంటుంది, ఆ ఒక్క లంకె వల్ల సౌష్ఠవం విరిగిపోతుంది. వలయాన్ని విప్పి తెరిచిన గొలుసుగా లెక్కించి, అక్కడ కుటుంబాలు కుదిరితే తప్పు అంచులోనే ఉందని రూఢి చేసుకోవచ్చు.

ఇంటిగ్రబిలిటీ మాటకు వద్దాం. దాని మూలం యాంగ్-బాక్‌స్టర్ సమీకరణం. ఒకే దారిలో కదిలే కణాల్లో ఏ మూడు కలిసినా ఆ ఘటనను రెండేసి కణాల ఢీలుగా విడగొట్టవచ్చు, ఆ ఢీలు ఏ వరుసలో జరిగినా ఫలితం ఒకటే. మీ కోనసీమ కాలువలో మూడు పడవలు ఒకదాన్నొకటి దాటవలసి వచ్చినప్పుడు, ఏ రెండు ముందు దాటినా చివరికి ఒక్కో పడవకు జరిగే ఆలస్యం మారకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ నియమం ఉన్నచోట హామిల్టోనియన్‌తో కమ్యూట్ అయ్యే నిత్యత్వ రాశులు వరుసగా దొరుకుతాయి, 1931లో బెథే హైజెన్‌బర్గ్ గొలుసుకు వాడిన పద్ధతి పనిచేస్తుంది. మార్పిడి ఆపరేటర్‌ను గ్రేడెడ్ మార్పిడిగా మార్చినా సమీకరణం నిలుస్తుంది, గుర్తుల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. అంటే మీ గొలుసును సాధించగలగడానికి కారణం దాని రూపం: పక్క స్థానాల మధ్య మాత్రమే, అన్ని లంకెలలోనూ ఒకే బలంతో, కేవలం మార్పిడి. లంకెల బలాలను ఇష్టం వచ్చినట్టు మార్చండి. జీఎల్(2|1) సౌష్ఠవం పూర్తిగా మిగులుతుంది, ఇంటిగ్రబిలిటీ మాత్రం పోతుంది.

రెండవ నిర్మాణంలోనూ ఇంతే. క్యూలోని సృష్టి ఆపరేటర్లకు స్థానాన్ని బట్టి వేర్వేరు గుణకాలు, ఏదీ సున్నా కాకుండా, పెట్టండి. రెండుసార్లు ప్రయోగిస్తే సున్నా రావడం ఆగదు, సున్నా శక్తి స్థితుల సంఖ్య కూడా మారదు, కానీ సాధారణంగా ఇంటిగ్రబిలిటీ నిలవదు. గుణకాలన్నీ సమానంగా ఉన్నప్పుడు ఈ నమూనా సాధ్యం కావడానికి కారణం వేరు. ప్రతి ఫెర్మియాన్‌కు కుడి పక్కన తప్పనిసరిగా ఉండే ఖాళీ స్థానాన్ని తీసివేస్తే అది ఎక్స్‌ఎక్స్‌జెడ్ స్పిన్ గొలుసుగా (ఎక్స్, వై దిశల గుణకాలు సమానంగా, జెడ్ దిశది వేరుగా ఉండే గొలుసుగా) మారుతుంది, ఆ గొలుసులో డెల్టా అనే అసమదిశా గుణకం విలువ −1/2. ఎక్స్‌ఎక్స్‌జెడ్ గొలుసు డెల్టా ఏ విలువకైనా ఇంటిగ్రబులే, సూపర్‌సిమెట్రీ ఆ ఒక్క విలువకే వస్తుంది. రెండు గుణాలూ ఒకే బిందువు దగ్గర కలుసుకున్నాయి, అంతే.

అయితే ఆ కలయిక మామూలుది కాదు, ఈ విషయంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన చోటు కూడా అదే. స్థానాన్ని తీసివేయడం వల్ల స్పిన్ గొలుసు భాషలో సూపర్‌చార్జీ గొలుసు పొడవునే ఒకటి మారుస్తుంది. దీన్ని 2004లో యాంగ్, ఫెండ్లీ స్పష్టంగా రాశారు, తరువాత 2012లో హాగెన్‌డార్ఫ్, ఫెండ్లీ మూడు దిశల గుణకాలూ వేరుగా ఉండగల ఎక్స్‌వైజెడ్ గొలుసుకు విస్తరించారు. అక్కడ షరతు ఏమిటంటే మూడు గుణకాలను రెండేసి గుణించి కలిపితే మొత్తం సున్నా కావాలి. మొదటి రెండింటినీ ఒకటిగా తీసుకుంటే మూడవది −1/2 అవుతుంది, పాత షరతే తిరిగి వస్తుంది.

ఈ బిందువు దగ్గర బేసి సంఖ్యలో స్థానాలున్న వలయాన్ని చేత్తో లెక్కించి చూడండి. పౌలీ మాత్రికలతో రాస్తే ఎక్స్, వై దిశల పదాల గుణకం −1/2, జెడ్ దిశ పదం గుణకం +1/4. ఐదు స్థానాలలో రెండు స్పిన్‌లు కిందికి ఉంటే పది అమరికలు వస్తాయి. ఆ రెండు స్పిన్‌లు పక్కపక్కనుండేవి ఐదు, ఎడంగా ఉండేవి ఐదు. భ్రమణ సౌష్ఠవాన్ని వాడితే మిగిలేవి రెండు సమీకరణాలే. పక్కపక్కన ఉన్న అమరిక వాటా అ, ఎడంగా ఉన్నదాని వాటా ఆ అనుకుంటే, మొదటి సమీకరణంలో శక్తి × అ = అ/4 − 2ఆ, రెండవదానిలో శక్తి × ఆ = −2అ − (11/4)ఆ. శక్తి −15/4 పెట్టి చూడండి, ఆ సరిగ్గా అకు రెట్టింపు అవుతుంది, రెండు సమీకరణాలూ తృప్తి చెందుతాయి. స్థానానికి −3/4 చొప్పున శక్తి ఉండడం సూపర్‌సిమెట్రీ ఫలితం, ఆ స్థిరాంకాన్ని కలిపితే అది సున్నా. ఆ రెండు అన్న నిష్పత్తి మాత్రం ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఏడు స్థానాలకు అతి పెద్ద వాటాకూ అతి చిన్న వాటాకూ నిష్పత్తి 7, తొమ్మిదికి 42, పదకొండుకు 429. ప్రతి వరుసలోనూ నిలువులోనూ 1, −1 ఒకదాని తరువాత ఒకటి వస్తూ మొత్తం ఒకటయ్యే మాత్రికల సంఖ్యల వరుస ఇదే. రజుమోవ్, స్ట్రోగనోవ్ 2001లో దీన్ని గమనించారు. దీనికి దగ్గర బంధువైన లూప్ నమూనా ఊహను కాంటినీ, స్పోర్టియెల్లో 2010లో నిరూపించారు. పదకొండు స్థానాలకు మీరు విడదీయవలసిన మాత్రిక 462 వరుసలదే, ఒక్క సాయంత్రంలో 429ని మీ తెర మీద చూడవచ్చు. ప్రాజెక్టుకు టీ-జే కన్నా ఇది మంచి అంశమని నా అభిప్రాయం, నిర్ణయం మాత్రం మీ గైడు గారిది.

టీ-జేతోనే ఉండదలిస్తే బెథే సమీకరణాల (బెథే పద్ధతిలో శక్తులను ఇచ్చే సమీకరణాల) విషయంలో ఒక చిక్కును ముందే తెలుసుకోండి. లై సూపర్ బీజగణితానికి డింకిన్ చిత్రం (బీజగణిత నిర్మాణాన్ని క్లుప్తంగా చూపే బొమ్మ) ఒక్కటే కాదు, బోసాన్, ఫెర్మియాన్ స్థితులను ఏ వరుసలో పేర్చుతామో దాన్నిబట్టి మారుతుంది. అందుకే ఈ నమూనాకు మూడు రూపాలలో బెథే సమీకరణాలు ఉన్నాయి. లాయి 1974లో ఇచ్చినది ఒకటి, సదర్లాండ్ 1975లో ఇచ్చినది ఇంకొకటి, 1992లో ఎస్లర్, కొరేపిన్ మూడింటినీ ఒకచోట చేర్చి పోల్చారు. ఫెర్మియాన్ రకానికి చెందిన మూలాలు (ఆ సమీకరణాలలోని అవ్యక్త రాశులు) తమలో తాము ఢీకొనవు, ఆ సమీకరణాలలో అదే రకం మూలాల లబ్ధం ఉండదు. రెండు పుస్తకాలలో రెండు వేర్వేరు సమీకరణాలు కనిపిస్తే ఒకటి తప్పని అనుకోవద్దు, ఒక రూపం నుంచి మరొకదానికి మారే మార్గం ఉంది, వర్ణపటం ఒక్కటే. అదే 1992లో ఎస్లర్, కొరేపిన్, స్కూటెన్స్ ఒక్కో స్థానంలో నాలుగు స్థితులు గల ఎస్‌యు(2|2) గొలుసును ఎలక్ట్రాన్ నమూనాగా ఇచ్చారు. ఈ స్కూటెన్స్ పైన చెప్పిన 2003 నమూనాలోనూ ఉన్నవారే, రెండు నిర్మాణాల మీదా పనిచేసిన కొద్దిమందిలో ఒకరు.

రెండు నిర్మాణాలూ నిజంగా ఒకటయ్యే చోటు కూడా ఉంది, అది కణభౌతికశాస్త్రంలోని ఎన్ = 4 సూపర్‌సిమెట్రిక్ యాంగ్-మిల్స్ అనే గేజ్ సిద్ధాంతం. మినాహన్, జరెంబో 2002లో ఆ సిద్ధాంతపు ఆపరేటర్ల స్కేలింగ్ పరిమాణాలకు (దూరాల కొలమానం మారిస్తే ఆపరేటర్లు ఎలా మారతాయో చెప్పే సంఖ్యలకు) వచ్చే మొదటి సవరణను స్పిన్ గొలుసు హామిల్టోనియన్‌గా గుర్తించారు, 2003లో బైసర్ట్, స్టౌడాకర్ దాన్ని పీఎస్‌యు(2,2|4) సూపర్ గొలుసుగా పూర్తి చేశారు. ఆ మొదటి మెట్టులో హామిల్టోనియన్ సౌష్ఠవంతో కమ్యూట్ అవుతుంది, అది మొదటి నిర్మాణం. పై మెట్లకు వెళ్లేకొద్దీ సూపర్‌చార్జీలు కూడా మారుతూ గొలుసు పొడవును మార్చడం మొదలుపెడతాయి, మూడు బోసాన్లు రెండు ఫెర్మియాన్లుగా మారుతాయి, హామిల్టోనియన్ బీజగణితంలోనే ఒక భాగమై యాంటీ కమ్యుటేటర్‌లో కనిపిస్తుంది. అది రెండవ నిర్మాణం. ఇక్కడ కణాల ఢీని వివరించే మాత్రికను బైసర్ట్ కనుగొన్నప్పుడు, అది ఒక్క పరిమాణపు హబ్బర్డ్ నమూనాకు (ఒకే స్థానంలో చేరిన ఎలక్ట్రాన్లు వికర్షించుకునే నమూనాకు) మన భారతీయుడు బి. శ్రీరామ్ శాస్త్రి 1986లో ఇచ్చిన మాత్రికతో సమానమని తేలింది. హబ్బర్డ్ నమూనాకు పైకి ఏ సూపర్‌సిమెట్రీ కనిపించదు, కాబట్టి ఇది ఎవరూ ఊహించినది కాదు.

ఇందులో ఎమ్మెస్సీ స్థాయిలో సరిచూసుకోదగ్గది ఒకటి చెబుతాను. నాలుగు స్థానాల హైజెన్‌బర్గ్ వలయం తరగతిలో చేసే ఉంటారు, స్పిన్‌ల అదిశా లబ్ధాల మొత్తానికి కనిష్ఠ విలువ −2. మార్పిడిని ఒకటిలోంచి తీసివేసిన పదాల మొత్తంగా దాన్నే రాస్తే 6 వస్తుంది. బెథే పద్ధతిలో అయితే రెండు మూలాల వర్గమూ 1/12, ఒక్కో మూలం నుంచి 3 చొప్పున అదే 6. ఆ 6ను ఆ గేజ్ సిద్ధాంతపు పరస్పర చర్య బలాన్ని తెలిపే కప్లింగ్ లాంబ్డాతో గుణించి 8పై²తో భాగించండి. వచ్చే 3 లాంబ్డా/4పై² ఆ సిద్ధాంతంలోని కొనిషి అనే ఆపరేటర్ స్కేలింగ్ పరిమాణానికి మొదటి మెట్టులో వచ్చే సవరణ.

మీ పని వరుస గురించి ఒక మాట. ముందు జీఎల్(1|1)ను మూడు స్థానాలకు ప్రోగ్రాంతో లెక్కించి 2, 4, 2 స్థితులు వస్తున్నాయో లేదో చూడండి, అంచు గుర్తు తప్పయితే ఇక్కడే బయటపడుతుంది. తరువాత టీ-జేను మూడు స్థానాలకు 27 స్థితులతో, ఎలక్ట్రాన్‌కు 2 చేర్చి నడిపి, ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చే సూపర్‌చార్జీతో హామిల్టోనియన్ కమ్యుటేటర్‌ను (రెండు వరుసల గుణకారాల తేడాను) నేరుగా మాత్రికల గుణకారంతో లెక్కించండి. అది కంప్యూటర్ దశాంశ దోషం మేరకు సున్నా అయ్యేవరకు ఆరు స్థానాల ఫలితాల జోలికి పోవద్దు.